వీరుని ఇంటికి ఊరి ప్రమాణము

కాణిపాకమన్నంతనే మన పల్లెలలో ముందుగా తలపునకు వచ్చేది ప్రమాణము. బాహుదా నది ఒడ్డున వెలసిన వరసిద్ధి వినాయకుడు సత్యమునకు సాక్షి అని జనుల విశ్వాసము. అప్పు తీర్చినానని ఒకరు, తీర్చలేదని మరొకరు వాదులాడుకొని, పెద్దమనుషులకు నిజము తేలనప్పుడు, "కాణిపాకము వచ్చి ప్రమాణము చేస్తావా?" అన్న ఒక్క ప్రశ్నతో తగవు తీరిపోవుట ఈ ప్రాంతమువారికి తెలియనిది కాదు. కోనేటిలో మునిగి, తడిబట్టలతో స్వామి ఎదుట నిలిచి అబద్ధమాడుటకు ఎంతటివానికైనను నోరు రాదు.

అయితే ప్రమాణములు రెండు విధములు. జరిగిపోయినదానిని గురించి చెప్పేది ఒకటి. జరుగబోవుదానిని గురించి మాట ఇచ్చేది ఒకటి. మొదటిది తప్పేవాడు తెలిసియే తప్పుతాడు. రెండవది మాత్రము ఎవరును తప్పదలచుకోకుండనే, మరపు వలన, పనుల ఒత్తిడి వలన, కాలము గడచినకొద్దీ జారిపోతుంది. దేశము కొరకు ప్రాణము విడిచిన సైనికుని పేటిక ఎదుట ఊరంతయు నిలిచి "ఈ కుటుంబమునకు మేమున్నాము" అని పలికే మాట ఈ రెండవ విధమైన ప్రమాణము. ఆ మాటలో ఏమేమి ఇమిడి ఉన్నవో, దానిని నిలబెట్టుకొనుటకు ఊరు ఏమేమి తెలిసికొనవలెనో ఇక్కడ వివరింపదలచినాము.

కాణిపాకము ఉన్న ఐరాల మండలములోనిదే రెడ్డివారిపల్లె. ఆ ఊరి బిడ్డ హవల్దారు ప్రవీణ్ కుమార్ రెడ్డి మద్రాసు రెజిమెంటు 18వ బెటాలియనులో పనిచేసినాడు. 2020 నవంబరు 8వ తేదీన, కాశ్మీరములోని కుప్వారా జిల్లా మాచిల్ ప్రాంతములో, నియంత్రణ రేఖ దాటి చొరబడుతున్నవారిని అడ్డగించిన పోరులో అతడు అమరుడైనాడు. అదే పోరులో బీహారుకు చెందిన కెప్టెన్ అశుతోష్ కుమార్, తెలంగాణలో నిజామాబాద్ జిల్లాకు చెందిన ర్యాడ మహేశ్, త్రిపురకు చెందిన సరిహద్దు భద్రతా దళ జవాను సుదీప్ సర్కార్ కూడ నేలకొరిగినారు. ముగ్గురు చొరబాటుదారులు హతులైనారు. పోరు జరిగినది ఒక్క కొండప్రాంతములో. దుఃఖము చేరినది నాలుగు రాష్ట్రములలోని నాలుగిండ్లకు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రవీణ్ కుటుంబమునకు 50 లక్షల రూపాయల సహాయము ప్రకటించినది. మహమ్మారి భయము ఇంకను వీడని ఆ దినములలో కూడ సైనిక లాంఛనములతో స్వగ్రామములో అతనికి తుది వీడ్కోలు జరిగినది.

మరుసటి సంవత్సరమే జిల్లాకు మరొక దెబ్బ తగిలినది. 2021 డిసెంబరు 8న నీలగిరులలో కూనూరు సమీపమున వాయుసేన హెలికాప్టరు కూలిపోయి, త్రివిధ దళాధిపతి జనరల్ బిపిన్ రావత్‌తో పాటు ఆయన అంగరక్షకులలో ఒకడైన లాన్స్ నాయక్ సాయితేజ మరణించినాడు. అతని స్వగ్రామము అప్పటి చిత్తూరు జిల్లా కురబలకోట మండలములోని ఎగువరేగడ. ప్రమాద తీవ్రత వలన భౌతికకాయమును గుర్తించుటకు జన్యుపరీక్ష అవసరమైనది. కుటుంబము దినమొక యుగముగా ఎదురుచూచినది. డిసెంబరు 12న అతడు ఇల్లు చేరినాడు. జాతీయ పతాకములు చేతబట్టిన యువకులు వాహనములపై వెంట నడువగా, వేలాది జనుల నడుమ అంత్యక్రియలు జరిగినవి. ఆ కుటుంబమునకును రాష్ట్రప్రభుత్వము 50 లక్షలు అందజేసినది.

ఇట్టి సమయములలో జరిగే సైనిక లాంఛనములను చూచినవారు అనేకులు. వాని అర్థము తెలిసినవారు కొద్దిమంది. పేటికపై కప్పే త్రివర్ణ పతాకములో కాషాయపు వైపు తలవైపునకు ఉండవలెను. ఆ పతాకమును చితిలో దహింపరాదు, గుంటలోనికి దింపరాదు. అంతకు ముందే తొలగించి, మడచి, కుటుంబమునకు అప్పగించుతారు. జవానులు తుపాకులను తలక్రిందులుగా పట్టి తలవంచి నిలుచుట శోకచిహ్నము. బాకాపై వినిపించే 'లాస్ట్ పోస్ట్' అనే స్వరము, సైన్యపు శిబిరములో దినము ముగిసినదని తెలిపే సంకేతము. అనగా ఈ సైనికుని విధి ముగిసినది, ఇక విశ్రమింపవచ్చునని చెప్పుట. గాలిలోనికి పేల్చే తుపాకుల వరుస తుది వందనము. పతాకము ఇల్లాలి చేతికో, తండ్రి చేతికో అందిన క్షణమున సైన్యము తన లాంఛనమును ముగించుతుంది. ఊరి వంతు ఆ క్షణమునుండియే మొదలగుతుంది.

ఈ భావము మనకు క్రొత్తది కాదు. పుంగనూరు, పలమనేరు ప్రాంతములలో పొలముగట్లపైన, చెరువుకట్టలపైన, ఊరి పొలిమేరలలోను వీరగల్లులు కనిపించుతవి. వానిలో అనేకము బాణులు, నొలంబులు, వైదుంబులు పోరాడిన 9, 10 శతాబ్దముల కాలమునకు చెందినవి. ఆయుధము ధరించి నిలిచిన వీరుడు, పైభాగమున అతనిని స్వర్గమునకు కొనిపోయే దేవకన్యలు—ఇది ఆ శిల్పములలో తరచుగా కనిపించే రూపము. శాసనమున్న చోట ఏ రాజు కాలమున, ఎవరు, ఎందుకు మరణించినదియు చెక్కబడి ఉంటుంది. రాజుల యుద్ధములలో మరణించినవారే కాదు, దొంగలు తోలుకొనిపోయే ఆవుల మందను మరలించుటలో, ఊరిని కాపాడుటలో ప్రాణమిచ్చిన సామాన్యులు కూడ అందులో ఉన్నారు.

చూచి పోయేవారు తరచుగా గమనింపని విషయమొకటి ఆ శాసనములలో ఉన్నది. వీరుని పేరు చెక్కుటతో అవి ఊరకొనవు. అతని కుటుంబమునకు ఇచ్చిన భూమిని గురించి కూడ అనేక శాసనములు చెప్పుతవి. ఆ భూమికి రక్తమాన్యమని పేరు. కన్నడ శాసనములలో నెత్తరు గొడగె అనియు, తమిళ శాసనములలో ఉదిరప్పట్టి అనియు ఉన్నది దీనికి సమానమైనదే. నెత్తురు చిందించినవాని పేరిట వచ్చిన పొలము కనుక ఆ పేరు. అనగా, వేయి సంవత్సరములకు పూర్వమే మన ప్రాంతమువారికి ఒక సంగతి స్పష్టముగా తెలుసు. రాయి చచ్చినవానికి, పొలము బ్రతికియున్నవారికి. ఈ రెండును కలిసినప్పుడే గౌరవము పూర్తి అగునని వారు భావించినారు.

నేటి కాలములో ఆ రక్తమాన్యపు స్థానమున ఉన్నవి పింఛను, పరిహారము, పిల్లల చదువు, వైద్యము. శత్రుచర్యలో గాని, ఉగ్రవాదులతో పోరులో గాని మరణించిన సైనికుని భార్యకు సాధారణ కుటుంబ పింఛను కాక, ఉదార కుటుంబ పింఛను లభించుతుంది. అది అతడు చివరగా పొందిన జీతముతో సమానమైనది. దీనికి తోడు కేంద్రప్రభుత్వపు ఏకమొత్తపు పరిహారము, బీమా, రాష్ట్రప్రభుత్వపు సహాయము ఉంటవి. 1971 యుద్ధము తరువాత, 1972లో, అమరులైన, వికలాంగులైన సైనికుల పిల్లలకు పూర్తి చదువు రుసుమును ప్రభుత్వమే భరించే పథకము ఏర్పడినది. 2017లో దానికి నెలకు 10,000 రూపాయల పరిమితి విధించినప్పుడు దేశమంతట ఆక్షేపణ వచ్చినది. 2018లో ఆ పరిమితిని తొలగించినారు. జనులు గొంతెత్తినప్పుడు నిబంధన కూడ మారునని ఇది చూపుతున్నది. 2003 నుండి మాజీ సైనికులకు, వారిపై ఆధారపడినవారికి ప్రత్యేక వైద్య పథకము అమలులో ఉన్నది.

ఇన్ని ఏర్పాట్లు ఉన్నప్పుడు ఊరు చేయవలసినది ఏమున్నదని సందేహము కలుగవచ్చును. ఏర్పాటు ఉండుట వేరు, అది గడపకు చేరుట వేరు. సైన్యపు రికార్డులలో ఇంటిపేరు ఒక విధముగా, ఆధారు కార్డులో మరొక విధముగా ఉంటుంది. పెండ్లి నమోదు అయి ఉండదు. బిడ్డ పుట్టిన తేదీ బడిలో ఒకటి, పంచాయతీ పుస్తకములో ఒకటి ఉంటుంది. బ్యాంకు ఖాతా అతని పేరు మీదనే ఉంటుంది. పత్రములన్నియు హిందీలోనో ఇంగ్లీషులోనో వస్తవి. పింఛను వ్యవహారమంతయు నేడు 'స్పర్శ్' అనే కంప్యూటరు పద్ధతిలో నడుచుచున్నది. ఏటేటా జీవన ధ్రువీకరణ ఇవ్వవలెను. భర్తను పోగొట్టుకొని ఇంకను తేరుకొనని ఇల్లాలు, చదువు అంతగా లేని వృద్ధులైన తల్లిదండ్రులు ఈ పనులన్నింటిని ఒంటరిగా చేయగలరా?

కాణిపాకపు స్థలపురాణములో ముగ్గురు అన్నదమ్ముల కథ మన శ్రోతలందరికి తెలిసినదే. ఒకనికి చూపు లేదు, ఒకనికి వినికిడి లేదు, ఒకనికి మాట లేదు. ఏ ఒక్కడును ఒంటరిగా సేద్యము చేయజాలడు. ముగ్గురు కలిసి కాణి పొలము దున్నినారు, ఏతము తొక్కినారు, బావిలో నీరు తగ్గినప్పుడు త్రవ్వినారు. ఆ త్రవ్వకములోనే స్వామి వెలసినాడని కథ. ఊరు ఒక కుటుంబమునకు తోడు నిలుచుట కూడ అట్టిదే. బడి పంతులుగారు పత్రము చదివి చెప్పగలరు. మాజీ సైనికుడు ఏ కార్యాలయమునకు ఏమి వ్రాయవలెనో చెప్పగలడు. మోటారు సైకిలు ఉన్న కుర్రవాడు ఆ తల్లిని జిల్లా కేంద్రమునకు తీసుకొనిపోగలడు. సర్పంచు ధ్రువపత్రమును నెలలు గడువకుండ ఇప్పించగలడు. పొరుగింటివారు ఆ దినము పిల్లలకు అన్నము పెట్టగలరు. ఒక్కొక్కరి వద్ద ఉన్నది కొంచెమే అయినను, కలిపినచో సరిపోతుంది.

ఇందులో అందరికంటె ముందు నిలువవలసినవారు మాజీ సైనికులు. అనేక జిల్లాలలో సైనిక సంక్షేమ కార్యాలయము ఉంటుంది. చిత్తూరులోను ఉన్నది. పింఛను, పిల్లల చదువు, ఉపాధి వంటి విషయములలో సైనిక కుటుంబములకు దారి చూపుట దాని విధి. పశ్చిమగోదావరి ప్రాంతములో మిలిటరీ మాధవరమని పేరుపొందిన ఊరిలో తరతరములుగా ఇంటింటి నుండి సైన్యములో చేరుతున్నారు. అట్టి ఊరిలో ఈ వ్యవహారము తెలిసినవారు ప్రక్కయింటనే దొరుకుతారు. సైన్యములో ఒకరిద్దరే ఉన్న చిన్న పల్లెలో ఆ సౌకర్యము లేదు. అందుచేత అట్టి పల్లెకు సమీపమున ఉన్న మాజీ సైనికులు వెదకికొని పోవలసి ఉంటుంది.

ఊరు మిక్కిలి జాగ్రత్తగా మెలగవలసిన ఘట్టము మరొకటి కలదు. సొమ్ము వచ్చిన తరువాత అత్తవారింటికిని కోడలికిని నడుమ మాట పట్టింపులు వచ్చుట కొన్ని ఇండ్లలో జరుగుతున్నది. కొడుకును పోగొట్టుకొన్న తల్లిదండ్రుల బాధ నిజమైనది. చిన్న వయసులో ఒంటరియైన ఇల్లాలి బాధయు నిజమైనది. 2024లో ఈ విషయమై దేశమంతట చర్చ జరిగినది. పింఛను ప్రధానముగా భార్యకు చెందుతుంది. అవివాహితుడైనచో నిబంధనల మేరకు తల్లిదండ్రులకు చెందుతుంది. ఒక్కమారుగా వచ్చే సొమ్ములో ఎవరికెంత అనేది ఆయా పథకముల నిబంధనలను, సైనికుడు వ్రాయించిన నామినేషనును బట్టి ఉంటుంది. కనుక సెలవుమీద ఇంటికి వచ్చిన జవాను పెండ్లియైన తరువాత, బిడ్డ పుట్టిన తరువాత ఆ పత్రమును సరిచూచుకొనుట మంచిది. అశుభము పలుకుట కాదు ఇది, ఇల్లు చక్కబెట్టుకొనుట. తగవు వచ్చినప్పుడు ఊరి పెద్దలు ఒక పక్షము చేరి రెండవవారిని నిందించుటకు బదులు, నిబంధన ఏమున్నదో తెలిసినవారిచేత చెప్పించినచో సగము మనస్పర్ధ తీరుతుంది.

ఆ ఇల్లాలి జీవితముపై తీర్పు చెప్పే అధికారము కూడ ఊరికి లేదు. శౌర్యపతకము పొందిన సైనికుని వితంతువు పునర్వివాహము చేసుకొన్నచో, ఆ పతకమునకు వచ్చే భత్యము ఆగిపోయే నిబంధన చాలకాలము ఉండేది. మరదిని పెండ్లాడినచో మాత్రము కొనసాగేది. 2017 నవంబరులో ఆ షరతును తొలగించినారు. ప్రభుత్వమే విడిచిన కట్టడిని ఊరు పట్టుకొని వ్రేలాడుట న్యాయము కాదు. వీరనారి అని పిలిచి దండ వేసిన చేతులే, ఆమె ఉద్యోగమునకు పోయినప్పుడు, చదువు కొనసాగించినప్పుడు, మరొక జీవితము ఎంచుకొన్నప్పుడు వ్రేలు చూపరాదు.

ఇటీవలి ఒక మార్పు వలన ఊరి బాధ్యత మరింత పెరిగినది. 2022 నుండి అగ్నిపథ్ పథకము క్రింద చేరినవారు నాలుగేండ్ల కాలమునకు అగ్నివీరులు. విధి నిర్వహణలో మరణించిన అగ్నివీరుని కుటుంబమునకు 48 లక్షల బీమా, 44 లక్షల పరిహారము, మిగిలిన సేవాకాలపు జీతము మొదలగునవి లభించుతవి. అయితే సాధారణ సైనికుని కుటుంబమునకు వలె నెలనెలా పింఛను ఈ పథకములో లేదు. 2025 మే 9న సరిహద్దు కాల్పులలో అమరుడైన మురళీనాయక్ అగ్నివీరుడే. శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలములోని కల్లితండా అతని ఊరు. అతని అంత్యక్రియలకు జనసముద్రము కదలివచ్చినది. రాష్ట్రప్రభుత్వము 50 లక్షల రూపాయలతో పాటు 5 ఎకరముల భూమిని, ఇంటి స్థలమును, కుటుంబములో ఒకరికి ఉద్యోగమును ప్రకటించినది.

ఆ 5 ఎకరముల మాట విన్నప్పుడు మాకు వీరగల్లులపైని రక్తమాన్యము జ్ఞప్తికి వచ్చినది. వేయి సంవత్సరములు గడచినను అదే నేల, అదే మర్యాద. అయితే భూమి ప్రకటనతో కడుపు నిండదు. సర్వే జరిగి హద్దురాళ్లు పడవలెను, పట్టా చేతికి రావలెను, నీటి వసతి కలుగవలెను. ఏకమొత్తముగా వచ్చిన సొమ్ము తెలియనివారి మాట విని అధిక వడ్డీ ఆశతో చేజారిపోకుండ చూడవలెను. నెలనెలా పింఛను వచ్చే ఇంటికి ఒక తప్పు జరిగినను మరుసటి నెల ఉంటుంది. ఏకమొత్తముపైననే ఆధారపడిన ఇంటికి ఆ అవకాశము లేదు. నమ్మదగిన బ్యాంకు అధికారిని ఇంటికి పిలిపించి తల్లిదండ్రులతో మాట్లాడించుట, నిలువెత్తు చిత్రపటము కట్టించుటకంటె మేలైన నివాళి.

స్మరణ వద్దని మా అభిప్రాయము కాదు. 2019 ఫిబ్రవరి 25న ఢిల్లీలో ప్రారంభమైన జాతీయ యుద్ధస్మారకములో, స్వాతంత్ర్యానంతరము అమరులైన 25,000 మందికి పైగా సైనికుల పేర్లు రాతిపలకలపై చెక్కబడి ఉన్నవి. హోదాతో నిమిత్తము లేకుండ అందరి పేర్లును అక్కడ ఉన్నవి. ఊరిలోను ఒక రాయి ఉండవలసినదే, బడిలో పిల్లలకు ఆ పేరు చెప్పవలసినదే. 1949 నుండి డిసెంబరు 7వ తేదీని సాయుధ దళముల పతాక దినముగా జరుపుకొనుచున్నాము. ఆ దినము చిన్న జెండాలు పంచి వసూలు చేసే విరాళములు సైనిక కుటుంబముల సంక్షేమమునకు వినియోగపడుతవి. ఐరాల, కురబలకోట వంటి చోట్ల ఆ దినమునకు ప్రత్యేకమైన అర్థము ఉన్నది. సాయితేజ మరణించినది ఆ మరునాడే. బడిపిల్లలు ఆ దినము జెండా కొనుటతో ఆగక, ఆ ఇంటికి పోయి పెద్దవారిని పలుకరించి రావచ్చును.

వివిధభారతి 'జయమాల' కార్యక్రమములో సరిహద్దులలోని జవానులు కోరిన పాటలను మన శ్రోతలు చిరకాలముగా వింటున్నారు. అంత దూరమున ఉన్న వారి పేరు, ఊరు విన్నప్పుడు మనవాడు అనిపించుతుంది. వారిలో ఒకరు తిరిగి రానప్పుడు వార్తలలో మేము చదివేది రెండు మూడు వాక్యములు మాత్రమే: పేరు, ఊరు, లాంఛనములతో అంత్యక్రియలు. తరువాతి సంవత్సరములకు వార్తలలో చోటు ఉండదు. ఆ సంవత్సరములను నడిపించగలిగినది ఊరు ఒక్కటే.

అందుచేత మా సూచన ఒక్కటి. ఏ ఊరిలోనైనను ఇట్టి దుఃఖము కలిగినప్పుడు, పదునొకండవ దినమో పదమూడవ దినమో బంధువులు తిరిగిపోయేలోపల, ఊరి పెద్దలు ఇద్దరు మనుషులను నియమించవలెను. ఒకరు మాజీ సైనికుడు గాని లెక్కలు తెలిసినవారు గాని, ఒకరు ఆ ఇంటి ఆడవారితో మనసు విప్పి మాట్లాడగలిగిన స్త్రీ. పింఛను ఉత్తరువు, పరిహారము, భూమి పట్టా, పిల్లల చదువు—ఈ నాలుగింటి సంగతి మొదటి సంవత్సరము నెలకొకమారు, తరువాత బిడ్డలు చదువు ముగించునంతవరకు ఏటికి రెండుమారులు వారు విచారించి గ్రామసభలో చెప్పవలెను. దీనికి ఖర్చు లేదు, చట్టము అవసరము లేదు. నోటుపుస్తకము ఒకటి, మరువని మనుషులు ఇద్దరు ఉన్నచో చాలును.